థియేటర్ వార్డ్‌రోబ్ విభాగంలో పని ఎలా ఉంటుంది? కుట్టుపని పెద్దగా రాకపోయినా చేరొచ్చా?

మీ రెండో ప్రశ్న తేలిక కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. నేను చాలా ఏళ్లు నాటకాలకు డ్రెస్సర్‌గా, అంటే షో నడుస్తుండగా నటులకు డ్రెస్సులు మార్చిపెట్టే మనిషిగా చేశాను, తర్వాత వార్డ్‌రోబ్ మొత్తం చూసుకునే బాధ్యత నామీద పడింది. ఆ అనుభవంతో చెప్తున్నా, చేరొచ్చు. బొత్తాలు, హుక్కులు, ప్రెస్ బటన్లు గట్టిగా కుట్టడం రావాలి. ఊడిన అంచును బయటికి కనబడకుండా కుట్టగలగాలి. చంక దగ్గర విడిపోయిన కుట్టును మళ్లీ వేయగలగాలి. ఈ మాత్రం చేతనైతే మొదటి ఉద్యోగానికి సరిపోతుంది.

కొలతలు తీసి, బట్ట కత్తిరించి, కొత్త డ్రెస్సు తయారుచేసేవాళ్లు వేరే ఉంటారు. తొలి ప్రదర్శన నాటికి వాళ్ల పని దాదాపు అయిపోతుంది, మా పని అప్పుడే ఊపందుకుంటుంది. డిజైనర్ ఖాయం చేసిన రూపం ఆఖరి ప్రదర్శన దాకా చెడకుండా చూసుకోవాలి. ప్రతి సీన్‌కీ సరైన డ్రెస్సు సరైన మనిషి ఒంటిమీద ఉండాలి. దీనికి కుట్టు కంటే ఎక్కువగా కావలసింది పద్ధతి. ఏది ఎక్కడ పెట్టిందీ రాసుకునే అలవాటు లేని గొప్ప టైలర్ కంటే, ఆ అలవాటున్న మామూలు మనిషినే నేను పనిలోకి తీసుకుంటాను.

ఆ రాసుకోవడం ఎలా ఉంటుందంటే, ప్రతి నటుడికీ ఒక కాగితం ఉంటుంది. ఏ సీన్‌లో ఏం వేసుకుంటాడు, మేజోళ్ల దగ్గర్నుంచి జేబురుమాలు ఏ జేబులో ఉండాలో దాకా అన్నీ అందులో రాస్తాం. డ్రెస్సర్‌కి ఇంకో కాగితం: ఏ క్యూకి (సంకేతానికి) ఏ వింగ్‌లో (స్టేజి పక్కన ప్రేక్షకులకు కనబడని చోట) నిలబడాలి, చేతిలో ఏం ఉండాలి, విప్పిన బట్టలు ఎక్కడికి వెళ్లాలి. రేపు మీకు జ్వరం వస్తే, ఆ షో ఎప్పుడూ చూడని మనిషి ఆ కాగితం పట్టుకుని మీ పని నడిపించగలగాలి. "నాకు గుర్తుంటుందిలే" అనేవాళ్లంటే నాకు భయం.

రోజు మామూలుగా షోకి కొన్ని గంటల ముందే మొదలవుతుంది. రాత్రి ఉతికి ఆరేసినవి తీయడం, ఇస్త్రీ, స్టీమర్, చిన్నచిన్న రిపేర్లు, ఆపైన కాగితం చూసుకుంటూ ఒక్కో డ్రెస్సూ దాని చోట పెట్టడం. షో అయ్యాక మళ్లీ లెక్కపెట్టుకుని, చెమట బట్టలు ఉతుకులో వేసి ఇంటికెళ్తాం. ఇందులో పెద్దగా చెప్పుకోవడానికేం లేదు.

చెప్పుకోవలసింది క్విక్ చేంజ్ గురించి. నటి ఎడమ వింగ్‌లోకి వస్తుంది, అర నిమిషంలో ఇంకో డ్రెస్సుతో మళ్లీ స్టేజి మీద ఉండాలి. గ్రీన్ రూమ్‌కి వెళ్లే టైము ఉండదు కాబట్టి వింగ్‌లోనే నల్లగుడ్డ కట్టిన చిన్న మరుగులో అంతా జరిగిపోవాలి. ఆ అర నిమిషాన్ని గెలిచేది చేతివేగం అనుకుంటారు చాలామంది. నిజానికి సగం పని డ్రెస్సు కుట్టినప్పుడే అయిపోయి ఉంటుంది. ముందు వరసగా కనబడే బొత్తాలు ఉత్తుత్తివి, వాటి వెనక ప్రెస్ బటన్లు ఉంటాయి. బూట్ల లేసుల స్థానంలో ఎలాస్టిక్ ఉంటుంది. టై ముడి ముందే వేసి మెడ వెనక హుక్కు పెడతారు. వీలైతే రెండో డ్రెస్సును మొదటిదాని కిందే వేసి పంపిస్తాం, పైది లాగేస్తే చాలు. వెల్క్రో పెడితే హాయి కదా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. పెడతాం, కానీ తక్కువ. నిశ్శబ్దంగా నడిచే సీన్ పక్కన అది చేసే బర్రుమనే చప్పుడు వెనక వరస దాకా వినిపిస్తుంది. పైగా పక్కనున్న మేజోడునీ లేసునీ పట్టుకుని పీకుతుంది.

మిగిలిన సగం పని, బట్టల్ని ముందే అమర్చిపెట్టడం. వేసుకునే వరసలోనే పెట్టాలి, మొదట తొడిగేది పైన. స్కర్టును నేలమీద గుండ్రంగా పరిస్తే ఆమె మధ్యలో అడుగుపెడుతుంది, మనం పైకి లాగుతాం. ప్యాంటు అయితే కాళ్లు మడిచి, బూట్ల చుట్టూ దింపి ఉంచుతాం. ఇద్దరు డ్రెస్సర్లుంటే ఒకరు వీపు వైపు, ఒకరు కాళ్ల దగ్గర. నటి చేయవలసినది ఒకే ఒక్కటి ఉండాలి, చెవిపోగులో టోపీయో. ఆమె కూడా సాయం చేద్దామని తనే హుక్కులు విప్పడం మొదలుపెడితే మూడు జతల చేతులు ఒకేచోట చిక్కుకుంటాయి. మాట్లాడేది ఒక్కరే, అదీ "కుడి చెయ్యి", "కాలు" లాంటి ఒక్క మాటే.

వింగ్‌లో ఉండేది మసక నీలం దీపం. ఆ వెలుతురులో నలుపూ ముదురు నీలమూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని రంగుని నమ్ముకోకూడదు. చేతికి తగిలేలా ఒకదాని కాలరు లోపల దారపు ముడి వేస్తాం, ఇంకోదానికి రిబ్బను ముక్క కుడతాం. మెడకి వేలాడే చిన్న టార్చ్ ఒకటి కొనుక్కోండి, చేతులు ఖాళీ లేనప్పుడు దాన్ని పళ్లతో పట్టుకుంటారు.

ముందుగా ఎవరికీ తట్టని చిక్కులు రెండున్నాయి. ఒకటి చెమట. డ్యాన్సు చేసి వచ్చిన చెయ్యి చొక్కా బిగుతు చేతిలోకి ఎక్కదు, బట్ట తడికి అంటుకుపోతుంది. అందుకే చేతిలో తువ్వాలు లేకుండా నేను ఏ మార్పుకీ నిలబడను. రెండోది మైక్. నడుముకి కట్టిన ప్యాక్ నుంచి వైరు వీపు మీదుగా జుట్టులోకి పోతుంది. తలమీదుగా లాగి విప్పే చొక్కా అయితే వైరునీ విగ్గునీ కలిపి పట్టుకొస్తుంది. ఈ సంగతి సౌండ్ వాళ్లతోనూ డిజైనర్‌తోనూ ఫిట్టింగ్ రోజే మాట్లాడుకోవాలి. డ్రెస్ రిహార్సల్ నాడు తేలితే అప్పటికప్పుడు చొక్కా మెడ కత్తిరించి తెరవాల్సి వస్తుంది.

ఎంత సిద్ధంగా ఉన్నా జిప్ ఒకరోజు పోతుంది. ఒకసారి ఎంట్రీకి కొన్ని క్షణాల ముందు వీపు జిప్ కిందినుంచి విచ్చుకుపోయింది. పైన హుక్కు ఉంది కాబట్టి డ్రెస్సు జారలేదు. పిన్నీసులతో పట్టి పంపించి, ఆమె మళ్లీ వింగ్‌లోకి రాగానే ఒంటిమీదే కుట్టేశాం. షో అయ్యాక ఆ కుట్లు కత్తిరించి బయటికి తీశాం. ఒంటిమీద పిన్ను పెట్టేటప్పుడు బట్టకీ చర్మానికీ మధ్య మీ వేలు ఉంచండి, గుచ్చుకుంటే మీకే గుచ్చుకోవాలి. ఆలస్యం తప్పదనిపిస్తే ఒక్క క్షణం కూడా దాచకుండా స్టేజ్ మేనేజర్‌కి కబురు పంపాలి. ముందు తెలిస్తే వాళ్లు ఏదో ఒకటి సర్దగలరు.

ఉతుకు గురించి కొంచెం. రక్తం మరక నిజమైనదైతే చల్లటి నీళ్లే వాడాలి, వేడినీళ్లు తగిలితే అది బట్టలో పాతుకుపోతుంది. నాటకం రక్తంలో ఎక్కువగా ఉండేది చక్కెర పాకం, రంగు. ఏ బట్టమీద ఎలా పోతుందో తొలి రిహార్సల్‌కి ముందే గుడ్డముక్క మీద చూసుకోవాలి. మేకప్ మరకలు జిడ్డువి, అంట్ల సబ్బు ద్రవం బాగా పనిచేస్తుంది. ఉతకడానికి వీల్లేని బరువైన కోట్ల మీద వాసనలేని వోడ్కా లోపలివైపు చిమ్ముతాం. చెమటవాసన పుట్టించే బాక్టీరియాని ఆల్కహాల్ చంపుతుంది, త్వరగా ఆరిపోతుంది, దాని వాసనా మిగలదు. రంగు దిగుతుందేమో కనబడని మూలన చూసుకున్నాకే చేయండి. మరక మాత్రం దీనితో పోదు. అసలు చెమట కోటుదాకా రాకుండా లోపల నూలు బనియనూ, చంకల్లో మెత్తలూ పెట్టడం అన్నిటికంటే మేలు.

డ్రెస్సులన్నీ తళతళలాడాలని కూడా అనుకోకండి. పేదవాడి చొక్కాను గరుకు కాగితంతో రుద్ది, రంగులు పులిమి పాతదానిలా చేయడం పెద్ద పని. దాన్నీ రోజూ ఉతకాల్సిందే, మట్టి మరకలు మాత్రం నిలవాలి. కొత్తగా చేరిన ఒకరు ఎంతో శ్రద్ధగా ఆ చొక్కాకి మడతలు పోయేలా ఇస్త్రీ చేసి గంజి కూడా పెట్టారు. ఆ రోజు మా బిచ్చగాడు ఆఫీసుకి బయల్దేరినట్టున్నాడు!

నిప్పు విషయంలో మాత్రం నవ్వులాట లేదు. 1862లో పారిస్ ఒపెరాలో రిహార్సల్ జరుగుతుండగా ఎమ్మా లివ్రీ అనే బాలే నర్తకి స్కర్టుకి గ్యాస్ దీపం అంటుకుంది. తేలిగ్గా మంటలంటకుండా మందులో ముంచిన బట్ట అప్పటికే దొరుకుతోంది. కానీ అది బిరుసుగా, మాసినట్టు ఉంటుందని ఆమె వద్దంది. ఆ కాలిన గాయాలతో 1863లో చనిపోయింది. స్టేజి మీద కొవ్వొత్తి గానీ సిగరెట్టు గానీ ఉందంటే, దాని దగ్గరికి వెళ్లే ప్రతి డ్రెస్సు గురించీ మీరు అడగాలి. ఆ మందుల్లో చాలావాటిది ఉప్పు జాతి, నీళ్లలో ఉతికితే పోతాయి, మళ్లీ పట్టించాలి. నటులు గుచ్చుకుంటోందంటే బట్ట మార్చమని డిజైనర్‌ని అడగండి, మందు మాత్రం మానేయకండి.

ఇక మనుషులు. మీరు రోజూ వాళ్లని సగం బట్టల్లో చూస్తారు, భయంతో వణుకుతుండగా చూస్తారు. అక్కడ చూసినదీ విన్నదీ అక్కడే ఉండిపోవాలి. ఒళ్లు వచ్చిందని నోరు జారకండి. "డ్రెస్సు బిగిసింది, వదులు చేస్తాను" అంటే పని జరిగిపోతుంది. అందుకే కుట్టేటప్పుడు లోపల బట్ట ఎక్కువ వదిలిపెడతారు. ఎంట్రీకి ముందు టెన్షన్‌లో ఎవరైనా కసురుకుంటే అప్పుడు జవాబు చెప్పకండి. అదే రోజూ అవుతుంటే మాత్రం షో అయ్యాక నేరుగా మాట్లాడండి, లేదా మీ పైవాళ్లకి చెప్పండి. పడి ఉండడం ఉద్యోగంలో భాగమని కొందరు పెద్దవాళ్లు చెప్తారు, నేను ఒప్పుకోను.

సాయంత్రాలూ సెలవురోజులూ పోతాయి, కాళ్లు నొప్పులు పుడతాయి. చప్పుడు చేయని, జారని నల్లబూట్లకి డబ్బు దాచుకోకుండా ఖర్చుపెట్టండి. ఒంటిమీద గలగలలాడే నగలేవీ వద్దు. చేరేముందు ఏదైనా ఔత్సాహిక బృందం దగ్గరికెళ్లి, షో నడుస్తుండగా ఒక డ్రెస్సర్ వెనక నిలబడి చూస్తానని అడగండి. దాదాపు ఎవరూ కాదనరు, చేతులు ఎప్పుడూ తక్కువే.

మీరు ఎలాంటి ప్రదర్శనలో చేరబోతున్నారో రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్పగలను. డ్యాన్సు షో అయితే ఉతుకూ బూట్ల పనే ఎక్కువ. పాతకాలపు కథ అయితే హుక్కులు, లేసులు, పొరలు పొరలుగా లోపలి బట్టలు. నలుగురు నటులు ఇరవై పాత్రలు వేసే నాటకమైతే కూర్చోవడానికి కుర్చీ వెతుక్కోకండి.