పద్ధతి మారితే పాత తరుగుదల తిరగదోడక్కర్లేదు

రైస్ మిల్లు మెషిన్‌కి రెండేళ్లు డబ్ల్యూడీవీలో (ఏటా మిగిలిన విలువ మీద శాతం తీసే పద్ధతి) తరుగుదల వేసి, ఇప్పుడు స్ట్రెయిట్ లైన్‌కి (ఏటా ఒకే మొత్తం తీసే పద్ధతి) మారితే పాతవి మళ్లీ లెక్కకట్టాలా అన్నారు కదండీ, అక్కర్లేదు, టెన్షన్ పడకండి. పాత అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 6 ఉన్నప్పుడు కొన్న రోజు నుంచీ తిరగదోడాల్సి వచ్చేది, 2016 ఏప్రిల్ నుంచి సవరించిన ఏఎస్ 10లో ఇది అంచనా మార్పు మాత్రమే, ఇకముందుకే వర్తిస్తుంది.

మీ 10,00,000 మెషిన్ 20 శాతం చొప్పున 8,00,000కి, తర్వాత 6,40,000కి దిగింది. అందులో తుక్కు ధర 40,000 తీసేసి, మిగతా 6,00,000ని మిగిలిన 8 ఏళ్లతో భాగించండి, ఏడాదికి 75,000. చాలామంది ఇక్కడే మొత్తం 10 ఏళ్లతో భాగించేస్తారు, అది తప్పు.

వాడకం తీరు మారితేనే పద్ధతి మార్చండి, లాభం ఎక్కువ చూపించడానికి మాత్రం వద్దు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క వేరే, మామూలు మెషినరీ బ్లాకు (ఒకే రేటున్న ఆస్తుల గుంపు) మీద 15 శాతం డబ్ల్యూడీవీ అలాగే నడుస్తుంది.