టికెట్ రెండు వేలే, మరి మిగతాది దేనికి?

ప్రశ్న: పుణెలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తానంటే మా అల్లుడు ఫోన్లో అన్నిటికన్నా తక్కువ రేటు చూసి టికెట్ తీశాడు. తీరా శంషాబాద్ కౌంటర్ దగ్గరికి వెళ్తే "మీ టికెట్‌కి లగేజీ లేదమ్మా" అన్నారు. పోనీ చేత్తో పట్టుకెళ్దామంటే లోపల ఆవకాయ సీసాలు. చివరికి సూట్‌కేసుకి కట్టింది టికెట్ ధరని దాటిపోయింది. ఇలా దోచుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కోపం రావడం సహజమేనమ్మా, కానీ సగం తప్పు టికెట్ తీసినవాళ్లది కూడా (ఈ పేజీ అల్లుడుగారికి చూపించకండి). మన డొమెస్టిక్ విమానాల్లో మామూలు టికెట్‌కి 15 కిలోల చెకిన్ బ్యాగూ, 7 కిలోల చేతిబ్యాగూ ధరలోనే కలిసి ఉంటాయి, అందుకని అన్ని టికెట్లూ అంతేననుకుంటాం. కానీ చెకిన్ లగేజీ వద్దనేవాళ్లకి ధర తగ్గించి అమ్ముకోవచ్చని విమాన సంస్థలకి డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) 2021లోనే అనుమతి ఇచ్చింది. 'లైట్' అనో ఇంకోటనో పేరుండే ఆ టికెట్టే, తక్కువ రేటు ముందు చూపించమంటే అన్నిటికన్నా పైన కనిపిస్తుంది. నూనె పచ్చడిని సెక్యూరిటీ వాళ్లు చేతిబ్యాగులో పోనివ్వరు, అది చెకిన్‌లోనే వెళ్లాలి. ఆవకాయ వెంట వెళ్లే ప్రయాణానికి లైట్ టికెట్ చవక కానే కాదన్నమాట.

లగేజీకి ఒకే ధర ఉండదు. ముందుగా వెబ్‌సైట్లో కొంటే ఒక రేటు, కౌంటర్ దగ్గర కిలో లెక్కన ఇంకో రేటు, వాత పెట్టేది ఆ రెండోదే. అందుకే ముందు సామాను లెక్క తేల్చుకుని ఆ తర్వాతే టికెట్ వెతకండి. ఇంట్లో తూకం మిషన్ మీద సూట్‌కేసు ఎత్తుకుని ఒకసారి, ఉత్తినే ఒకసారి నిలబడి తేడా చూసుకుంటే చాలు, నేను ఇప్పటికీ అదే చేస్తాను, చూసేవాళ్లు నవ్వుకున్నా సరే.

ఇంకో సంగతి. రేట్లు పోల్చాల్సింది మొదటి పేజీలో కాదు, డబ్బు కట్టే పేజీలో. ఆన్‌లైన్లో టికెట్ తీసినందుకు వేసే కన్వీనియన్స్ ఫీజు చాలాచోట్ల మనిషికింత, అదీ ఒక్కో వైపుకి ఇంత అని పడుతుంది, నలుగురు వెళ్లి రావాలంటే ఎనిమిదిసార్లు! ఇన్సూరెన్సు, విరాళం లాంటివి మీరు అడక్కుండానే బిల్లులో చేరి ఉంటే తీసేయండి. అలా చేర్చడం 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని ఏమార్చే వెబ్‌సైట్ ఎత్తులు) మార్గదర్శకాల ప్రకారం తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ప్రశ్న: వెబ్ చెకిన్ చేస్తుంటే ఏ సీటు నొక్కినా డబ్బులు అడుగుతోంది. మాకు ఎనిమిదేళ్ల పాప ఉంది, ఎక్కడో ఒంటరిగా కూర్చోబెడతారేమోనని టెన్షన్. కొనక తప్పదా?
- వరంగల్ నుంచి ఒక తండ్రి

జవాబు: తప్పదనిపించేలా పేజీ తయారుచేశారు, అంతే. సీటు ఎంచుకోకుండా ముందుకు వెళ్లే దారి అక్కడే ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, 'స్కిప్' అనో మరోలానో, ఓపిగ్గా వెతకండి. ఖాళీగా ఉన్నదేదో ఒకటి ఉచితంగానే ఇస్తారు. ఇక పాప విషయంలో దిగులు వద్దు. 12 ఏళ్లలోపు పిల్లలకి ఒకే పీఎన్‌ఆర్‌లో వస్తున్న అమ్మ పక్కనో నాన్న పక్కనో సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ చెప్పింది. కాబట్టి టికెట్లు విడివిడిగా తీయకండి, అసలు కీలకం అదే. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు డబ్బు అడిగితే మాత్రం గట్టిగానే మాట్లాడండి, అది నిబంధనలకి విరుద్ధమని పౌర విమానయాన శాఖ 2022 జులైలోనే తేల్చేసింది.

ప్రశ్న: వైజాగ్ నుంచి కౌలాలంపూర్, అక్కడి నుంచి బాలి. రెండు టికెట్లు వేరువేరుగా తీస్తే చవక అంటున్నారు, నిజమేనా?

జవాబు: కావచ్చు, సామాను లేకపోతే. ఉదాహరణకి మలేషియా విమాన సంస్థ ఎయిర్ ఏషియా కనీస టికెట్‌లో 7 కిలోల చేతిబ్యాగే ఉంటుంది, చెకిన్ బ్యాగు, భోజనం అన్నీ విడిగా కొనుక్కోవాల్సిందే. టికెట్లు వేరైతే ఆ బ్యాగుని రెండుసార్లు కొనాలి, వచ్చేటప్పుడు మళ్లీ రెండుసార్లు. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మీదే. అన్నీ కూడి చూడండి, తేడా వెయ్యీ రెండు వేలే అయితే నేనైతే ఒకే టికెట్ తీసుకుంటాను.

ప్రశ్న: నాన్ రిఫండబుల్ టికెట్ రద్దు చేస్తే మొత్తం పోయినట్టేనా?

జవాబు: కాదు. ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు లాంటివి వెనక్కి ఇవ్వాల్సిందే, మీరు ఎక్కనే లేదు కదా! ఆఫర్ టికెట్‌కైనా అంతే. కొన్నిసార్లు అడిగితే తప్ప రావు, కాబట్టి అడగండి.