జీతం లేని శనివారాలు మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని మయామీలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చదువుతోంది. ఇంకో ఏడాది ఉంది. 30 లక్షల లోన్ తీసుకుని పంపాం. ప్రతి శనివారం, కరీబియన్ దేశం హైతీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు నడిపే ఒక సేవా సంస్థకు వెళ్లి ఊరికే పని చేస్తోంది. మానేసి ఇంటర్న్‌షిప్ వెతుక్కోమంటే వినడం లేదు. వీసాకు ఏమైనా ఇబ్బందా? చాలా టెన్షన్‌గా ఉంది.
(ఖమ్మం నుంచి ఒక తండ్రి)

జవాబు: మానిపించకండి. అప్పు చేసి పిల్లను పంపిన తండ్రి దిగులు నాకు అర్థమవుతుంది. కానీ పబ్లిక్ హెల్త్ చదివే అమ్మాయికి ఆ ఊళ్లో ఇంతకంటే మంచి బడి దొరకదు. మారాల్సింది ఆమె అక్కడ చేసే పని తీరు.

ముందు వీసా సంగతి. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని పనిని, ఏమీ తీసుకోకుండా చేస్తే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు అది ఉద్యోగం కిందికి రాదు. బియ్యం, సబ్బులు, బట్టలు డ్రమ్ముల్లో సర్ది ఓడలో హైతీకి పంపడం, పిల్లలతో హోంవర్క్ చేయించడం అలాంటివే. జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని ఉచితంగా చేస్తేనే చిక్కు. ఏ కాస్త అనుమానం ఉన్నా ముందే కాలేజీలో డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోమనండి. ఆ సంస్థకు పన్ను మినహాయింపు నమోదు ఉందో లేదో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

హైతీ వాళ్ల దగ్గర ఏం నేర్చుకుంటుందని మీకు అనిపించవచ్చు. 2010 జనవరి 12న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆ అక్టోబరులో కలరా మొదలైంది. అంతకుముందు వందేళ్లలో ఆ దేశం కలరా ఎరగదు. ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరం మురుగు ఆర్టిబొనిట్ నదికి చేరి జబ్బు పాకింది. సుమారు 10,000 మంది చనిపోయారు. అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పింది 2016లో. ఆదుకోవడానికి వచ్చినవాళ్ల వల్లే ప్రాణాలు పోతే, ఆ జనం ఆ తర్వాత ఎవరి మాట నమ్ముతారు? ఈ ప్రశ్న మీ అమ్మాయి పాఠాల్లోనూ ఉంటుంది. జవాబు మాత్రం శనివారం ఆమె పక్కన కూర్చుని డ్రమ్ములు సర్దే పెద్దవాళ్ల దగ్గరే ఎక్కువ దొరుకుతుంది.

అందుకే ముందు భాష నేర్చుకోమనండి. హైతీ వాళ్ల భాష క్రెయోల్‌ను పలికినట్టే రాస్తారు కాబట్టి మనవాళ్లకు అంత కష్టం కాదు. అందులో 'తాన్‌స్యోన్' అంటే బీపీ. ఒక పెద్దావిడ తనకు 'తాన్‌స్యోన్' ఉందని చెబితే, మనం రోజూ వాడే టెన్షన్ అనుకుని ఓదార్చి పంపేస్తే ఎంత ప్రమాదం! మయామీ-డేడ్ కౌంటీలో ఎన్నికల బ్యాలెట్ కూడా ఇంగ్లిష్, స్పానిష్‌తో పాటు క్రెయోల్‌లో ఉంటుంది. ఆ భాష వచ్చిన ఆరోగ్య కార్యకర్తకు అక్కడి క్లినిక్కుల్లో ఉండే విలువ వేరు.

వాలంటీర్లతో నడిచే సంస్థ ఉద్యోగం ఇస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. అక్కడి పని ఉద్యోగానికి పనికొచ్చేలా చేసుకోవాలి. ఎంపీహెచ్‌లో ప్రాక్టికమ్ (చదివినదాన్ని బయట ఒక సంస్థలో చేసి చూపే పని) ఎలాగూ తప్పనిసరి. దాన్ని ఈ సంస్థలోనే చేయొచ్చేమో డిపార్ట్‌మెంట్‌ను అడగమనండి. సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికి ఇచ్చే అనుమతి) అవసరమా అన్నది డీఎస్‌ఓ చెబుతారు. డ్రమ్ములు సర్దడం ప్రాక్టికమ్ కాదు. ఆ సంస్థ బీపీ క్యాంపు పెడితే, దానికి వచ్చినవాళ్లలో ఎందరు తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లారు, వెళ్లనివాళ్లు ఎందుకు ఆగిపోయారు అని కనుక్కుని రిపోర్టు రాస్తే అది ప్రాక్టికమ్. నా దగ్గరకొచ్చే రెజ్యూమెల్లో 'వాలంటీర్' అన్న ఒక్క మాట చాలాసార్లు చూస్తాను, దాన్ని చూసి ఇంటర్వ్యూకు పిలిచినవాళ్లను చూడలేదు. ఇలాంటి రిపోర్టు ఉంటే మాట్లాడటానికి ఆమె దగ్గర విషయం ఉంటుంది. ఇంటర్న్‌షిప్ వెతుకులాటకు వారంలో రెండు సాయంత్రాలు విడిగా పెట్టుకోమనండి. శనివారం జోలికి పోనక్కర్లేదు.

డిగ్రీ అయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. అందులో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఇప్పటి నిబంధనల ప్రకారం, చదువుకు సంబంధించిన జీతం లేని పని వారానికి 20 గంటలు చేసినా ఆ కాలంలో ఉద్యోగంగానే లెక్కలోకి వస్తుంది. అంటే ఉద్యోగం ఆలస్యమైనా ఈ సంస్థ కొన్నాళ్లు ఆసరా అవుతుంది. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం (స్టెమ్) కోర్సుల వాళ్లకు ఓపీటీని పొడిగించే 24 నెలల్లో మాత్రం జీతం లేని పని చెల్లదు. పైగా మామూలు ఎంపీహెచ్ కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో లేదు. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా పాకుతాయో చదివేది), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) ఉన్నాయి.

సంస్థతో కలిసి హైతీ వెళ్తానంటే మాత్రం గట్టిగా వద్దనండి. ముఠాల హింస వల్ల అమెరికా ప్రభుత్వమే తన పౌరులను అక్కడికి వెళ్లవద్దంటోంది.

ఈసారి ఫోన్లో ఇంటర్న్‌షిప్ మాట ఎత్తే ముందు, శనివారం ఏం చేసిందో అడగండి. తర్వాత ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఫొటో పంపమనండి. దాని మీద కోర్సు కోడ్ ఉంటుంది. ఎపిడెమియాలజీకి మారే వీలుంటే ఈ సెమిస్టరులోనే తేల్చుకోవాలి, మీ లోన్ లెక్క దాన్నిబట్టే ఉంటుంది.