వడ్రంగికి ఒక్క వాక్యమేనా?

చిరంజీవికి ఆశీస్సులు.

షాకిల్టన్ నాయకత్వంలో అంటార్కిటికా ఖండం దాటాలని బయల్దేరిన యాత్ర మీద నీ రాతప్రతి అందింది. మొత్తం చదివాను. ఓడ మంచులో ఇరుక్కునే వరకూ ఒక్క ఊపున చదివించావు, కాదనను. తర్వాత నావికుడు క్రీన్ గురించి 'తుఫాను మధ్య క్రీన్ స్టవ్ ఆన్ చేసి అందరికీ వేడి పాలు ఇచ్చాడు' అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. కళ్లజోడు తీసి కాసేపు నవ్వుకున్నాను. తర్వాత చిరాకేసింది. ఈ ఉత్తరం ఆ చిరాకులోనే రాస్తున్నాను, కాబట్టి మాటలు కాస్త కరుగ్గా ఉంటే ఏమీ అనుకోకు.

అది ఆన్ చేసే స్టవ్ కాదు నాయనా. ప్రైమస్. మన ఇళ్లలో గ్యాస్ రాకముందు ఉండే పంపు స్టవ్‌కి అన్నలాంటిది. మీ అమ్మమ్మని అడుగు, చెబుతుంది. బర్నర్ కింద గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించాలి. బర్నర్ బాగా వేడెక్కేదాకా ఆగాలి. తొందరపడి పంపు కొట్టావా, కిరోసిన్ ఆవిరి కాకుండా పచ్చిగా పైకి చిమ్మి భగ్గుమంటుంది. సన్నటి బెజ్జంలో నలక పడితే పిన్నుతో పొడవాలి. పిన్ను విరిగి అందులోనే ఉండిపోతే ఆ పూటకి వంట లేనట్టే. ఇంతా పొడి నేల మీద, కదలని గచ్చు మీద కూర్చుని చేసే పని. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లి 1916 ఏప్రిల్‌లో దక్షిణ సముద్రంలో, ఓడ మునిగాక ఆరుగురు సాయం కోసం బయల్దేరిన, ఏడు మీటర్లు కూడా లేని 'జేమ్స్ కేర్డ్' పడవలో పెట్టు. తల ఎత్తితే కాన్వాసు తగిలేంత ఇరుకు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, వీపులు పడవ గోడలకి ఆనించి, స్టవ్‌ని పాదాల మధ్య ఇరికించి పట్టుకునేవాళ్లు. పడవ ఒరిగినప్పుడల్లా గిన్నెని గాల్లోకి ఎత్తాలి. నిద్రసంచులు రెయిన్‌డీర్ తోలువి, తడిసి కుళ్లి వెంట్రుకలు రాలుతుంటే అవన్నీ ఆ గిన్నెలోనే. ఆ వేడి ద్రవమే లేకపోతే ఆ ఆరుగురూ సాయం దొరికే దక్షిణ జార్జియా దీవి ముఖం చూసేవాళ్లు కాదు. నువ్వేమో 'ఆన్ చేసి' అని ముందుకు వెళ్లిపోయావు. ఆ వెంటనే రెండు పేజీలు షాకిల్టన్ గుండె ధైర్యం గురించి.

అసలు నా బాధంతా అక్కడే ఉంది. నువ్వు మనోబలం మీద కథ రాశావు. మనోబలం కడుపు నింపదు, పడవ సందు పూడ్చదు. ధ్రువాల్లో చావు అంచుదాకా వెళ్లి వచ్చినవాళ్ల సంగతులు చాలా ఏళ్లుగా చదువుతున్నాను. ఎక్కడ చూసినా మనుషుల్ని నిలబెట్టింది కుట్టేవాడు, వండేవాడు, చెక్క కోసేవాడు. కథలు రాసేవాళ్లు మాత్రం నాయకుడి గడ్డం మీద పేరుకున్న మంచునే వర్ణిస్తారు.

నీ రాతలో వడ్రంగి హ్యారీ మెక్‌నిష్‌కి ఒక్క వాక్యం ఇచ్చావు: 'ఓడ వడ్రంగి కూడా తన వంతు సాయం చేశాడు.' కూడానట! తన వంతట! 'ఎండ్యూరెన్స్' ఓడ 1915 జనవరిలో వెడెల్ సముద్రపు మంచులో చిక్కుకుంది. అక్టోబర్ 27న వదిలేశారు, నవంబర్ 21న మునిగిపోయింది. 28 మంది మంచుపలక మీద మిగిలారు. అప్పుడే మెక్‌నిష్ పని మొదలుపెట్టాడు. ఓడ చెక్కల్లోంచి పీకిన పాత మేకులతో 'జేమ్స్ కేర్డ్' పడవ అంచులు ఎత్తు పెంచాడు. తర్వాత అందరూ పడవల్లో చేరుకున్న ఎలిఫెంట్ దీవిలో, గాలి మనిషిని నిలబడనివ్వని చోట, పెట్టెల మూతలు, స్లెడ్జి కింది చెక్కలు పరిచి ఆ పడవకి పైకప్పు వేశాడు. పైన కప్పాల్సిన కాన్వాసు గడ్డకట్టి రేకులా బిగుసుకుపోతే, సీల్ కొవ్వు మండే పొయ్యి మీద జానెడు జానెడు చొప్పున కరిగించి, నావికులు చీతమ్, మెకార్తీ కుట్టారు. పలకల సందుల్లో దీపం వత్తులు కూరారు. పైన ఏం పూశారో తెలుసా? ఓడలో వచ్చిన చిత్రకారుడు మార్స్‌టన్ దగ్గర మిగిలిన ఆయిల్ పెయింటు, దాని మీద సీల్ నెత్తురు. నువ్వు ఇది చదివే ఉంటావు, చదవకుండా ఇంత రాయలేవు. చదివి కూడా వదిలేశావంటే అదేం తీరు?

ఈ సందులు పూడ్చే పని చూద్దామని ఓసారి నేను తాళ్లరేవు వెళ్లాను. అప్పట్లో గోదావరి పడవల మీద నవల రాస్తున్నాను. పడవలు కట్టే పెద్దాయన ఒకాయన నన్ను దుంగ మీద కూర్చోమని, పత్తిని తాడులా పేని, ఉలిలాంటి దానితో టకటకా సందులోకి దిగ్గొట్టి, పైన గుగ్గిలం నూనెలో కాచి పూసి చూపించాడు. ఆ దెబ్బల చప్పుడు మారగానే సందు నిండిందని ఆయనకి తెలిసిపోయేది. నాకు చెవులు ఉన్నందుకు సంతోషం వేసింది. తిరిగొచ్చి ఆ పని మీద ఒక అధ్యాయం రాశాను. సీరియల్ వేసుకుంటున్న వారపత్రిక సంపాదకుడు ఆ అధ్యాయం మొత్తం కోసేసి 'పాఠకులకు పడవ కాదమ్మా, ప్రేమ కావాలి' అని కార్డు రాశాడు. ప్రేమ ఆ పడవలోనే ఉంది మహానుభావా అందామనుకున్నాను. అనలేదు. ఆ రోజుల్లో వాళ్లిచ్చే పారితోషికంతో మా పాలవాడి బాకీ తీరేది. అంతకుముందు ఇంకొకాయన నా కథలు తిప్పి పంపుతూ 'వంటింటి వాసన ఎక్కువైంది' అనేవాడు. రాత్రి గిన్నెలు తోమి, అందరూ పడుకున్నాక ఆ వంటింటి గట్టు మీదే రాసేదాన్ని మరి, వాసన రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. పర్సనాలిటీ డెవలప్‌మెంట్. షాకిల్టన్ నుంచి మేనేజర్లు నేర్చుకోవాల్సిన సూత్రాలట. టైలు కట్టుకున్నవాళ్లకి ఏసీ హాల్లో ఉపన్యాసాలు. నీ చివరి అధ్యాయం నిండా ఆ గాలి తగిలింది. 'ఒక్కడిని కూడా పోగొట్టుకోని నాయకుడు' అని ముగించావు. అదే యాత్రలో రెండో జట్టు సంగతి ఏం చేశావు? ఖండం అవతలి వైపు, రాస్ సముద్రం దగ్గర పదిమంది చిక్కుకుపోయారు. వాళ్ల ఓడ 'అరోరా' 1915 మేలో లంగరు తెగి మంచుతో కొట్టుకుపోయింది. షాకిల్టన్ ఖండం దాటి వస్తాడని, ఆయన దారిలో తిండి నిల్వలు పెట్టాలని, బట్టలు లేక, సరుకులు లేక వాళ్లు బియర్డ్‌మోర్ హిమానీనదం దాకా స్లెడ్జిలు లాగారు. ఎర్నెస్ట్ జాయిస్ అనే ఆయన పాత యాత్రవాళ్లు వదిలేసిన డేరా గుడ్డ కత్తిరించి జట్టుకి ప్యాంట్లు, చొక్కాలు కుట్టాడు. నిల్వలు పెట్టి వస్తుంటే, తాజా తిండి లేక వచ్చే స్కర్వీ జబ్బుతో స్పెన్సర్-స్మిత్ నడవలేకపోయాడు. వారాల తరబడి ఆయన్ని స్లెడ్జి మీద లాక్కొచ్చారు, 1916 మార్చిలో దారిలోనే పోయాడు. మేలో మెకింతోష్, హేవర్డ్ పల్చటి సముద్రపు మంచు మీద నడుచుకుంటూ వెళ్లి మళ్లీ కనబడలేదు. మిగిలిన ఏడుగురిని 1917 జనవరిలో తీసుకొచ్చారు. వాళ్లు ప్రాణం పెట్టి పెట్టిన తిండిని తినడానికి ఎవరూ రాలేదు, ఎందుకంటే షాకిల్టన్ ఖండం మీద అడుగే పెట్టలేదు. నీ చివరి వాక్యం ఈ ముగ్గురి మీదుగా నడిచిపోయింది. అది తీసెయ్.

మెక్‌నిష్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆయన మంచివాడని చెప్పడం లేదు, మొండివాడు. 1915 డిసెంబర్ చివర్లో మంచు మీద పడవలు ఈడ్చే రోజుల్లో ఎదురు తిరిగాడు. ఓడే లేనప్పుడు ఓడ ఒప్పందం ఎక్కడిది, నీ ఆజ్ఞ నేనెందుకు వినాలి అన్నాడు. షాకిల్టన్ అందరినీ నిలబెట్టి ఒప్పంద పత్రం చదివి వినిపించాల్సి వచ్చింది. అంతకు ముందే మెక్‌నిష్ పిల్లిని, మిసెస్ చిప్పీని, కుక్కపిల్లలతో పాటు తుపాకీతో కాల్చేయించారు. పేరుకి మిసెస్ గానీ మగపిల్లి. ఆ కోపం ఆయనకి చచ్చేదాకా పోలేదంటారు. ఇలాంటి మనిషి కథకి దొరికితే నేనైతే వదిలేదాన్ని కాదు. షాకిల్టన్, ఓడ కెప్టెన్ వోర్స్‌లీ, క్రీన్ ముగ్గురూ దక్షిణ జార్జియా కొండలు దాటేటప్పుడు మంచు మీద జారకుండా బూట్ల కిందికి పడవలోంచి తీసిన మరలు బిగించాడే, ఒక్కో బూటుకి ఎనిమిది చొప్పున, అది కూడా ఈ మొండివాడే. తన బాడిస కూడా ఇచ్చి పంపాడు. ముప్పై ఆరు గంటలు నడిచి 1916 మే 20న వాళ్లు తిమింగిలాల వేటగాళ్ల స్థావరం స్ట్రోమ్‌నెస్ చేరింది ఆ మరల మీద.

తిరిగొచ్చాక జట్టులో చాలామందికి ధ్రువయాత్రలు చేసినవాళ్లకిచ్చే పోలార్ మెడల్ వచ్చింది. నలుగురికి రాలేదు. అందులో మెక్‌నిష్ ఒకడు. 1930లో వెల్లింగ్టన్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. 1959 దాకా సమాధికి రాయి లేదు. 2004లో ఎవరో పుణ్యాత్ములు దాని మీద కంచుతో ఆ పిల్లి బొమ్మ చేయించి పెట్టారు. ఇంత సరుకు ఉండగా 'తన వంతు సాయం' అని రాస్తావా?

నువ్వు బాగా రాసినది ఒకటుంది, చెప్పకపోతే పాపం. ఎలిఫెంట్ దీవిలో తిరగేసిన పడవల కింద బ్లాక్‌బరో కాలివేళ్లు తీసేసిన రాత్రి. దొంగతనంగా ఓడెక్కిన కుర్రాడు, చలికి వేళ్లు కుళ్లిపోయాయి. క్లోరోఫారం ఆవిరి కావాలంటే ఆ గుడిసె వేడిగా ఉండాలి కాబట్టి ఫోటోగ్రాఫర్ హర్లీ పొయ్యిలో పెంగ్విన్ తోళ్లు వేస్తూ కూర్చున్నాడని రాశావు చూడు, అక్కడ నువ్వు రచయితవి. ధైర్యం అన్న మాట ఆ పేజీలో ఒక్కసారి కూడా లేదని గమనించావా?

'తర్వాత ఎవరి గురించి రాయమంటారు' అని అడిగావు. అడా బ్లాక్‌జాక్ గురించి రాయి. అలాస్కాలో ఇన్యూపియాక్ తెగ అమ్మాయి. క్షయ ఉన్న కొడుక్కి వైద్యం చేయించడానికి డబ్బు కావాలి, కుట్టుపని వచ్చు. 1921లో సైబీరియాకి ఉత్తరాన ఉన్న ర్యాంగెల్ దీవికి వెళ్తున్న నలుగురు మగవాళ్లు బట్టలు కుట్టడానికి ఆమెని జీతానికి పెట్టుకున్నారు. తిండి అయిపోయింది, రావాల్సిన ఓడ రాలేదు. 1923 జనవరిలో ముగ్గురు సాయం కోసం మంచు మీద సైబీరియా వైపు వెళ్లి మాయమైపోయారు. నాలుగో ఆయన నైట్, స్కర్వీతో మంచాన పడ్డాడు. ఆర్నెల్లు ఆమె చేత సేవ చేయించుకుంటూ, ఆమెని తిడుతూ, జూన్‌లో పోయాడు. అప్పటికి ఆమెకి నక్కలకి ఉచ్చులు వేయడం వచ్చింది, తుపాకీ పేల్చడం తనంత తానే నేర్చుకుంది. ఎలుగుబంట్లని దూరం నుంచే చూడటానికి మంచె కట్టుకుంది. కొట్టుకొచ్చిన కర్రలు, కాన్వాసుతో చిన్న పడవ చేసుకుంది. ఆగస్టులో ఓడ వచ్చేసరికి ఒడ్డున మిగిలింది ఆమె, విక్ అనే పిల్లి. పేపర్లవాళ్లు ముందు దేవతని చేశారు, తర్వాత నైట్ చావుకి ఆమే కారణమన్నారు. ఆమె మాత్రం కొడుకుని చూసుకోవడానికి వెళ్లిపోయింది. ఇక్కడ సూది పట్టుకున్న చెయ్యే కథానాయిక. నువ్వు ఎలా రాస్తావో చూడాలని ఉంది. ముందు ఒక పాత కోటుకి తోలు అతుకు వేసి చూడు, వేలు ఎన్నిసార్లు గుచ్చుకుంటుందో.

ఏ పత్రికకి పంపాలి, పేరు ఏం పెట్టాలి, ముందుమాట రాస్తారా అని కూడా అడిగావు. ఇవన్నీ వడ్రంగి వచ్చాక మాట్లాడుకుందాం. మళ్లీ పంపేటప్పుడు ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, ఈసారి కళ్లు మండిపోయాయి.

ఇంకొకటి. ఎలిఫెంట్ దీవిలో మిగిలిన 22 మందిని బ్రిటిష్ నౌక తెచ్చిందని రాశావు. కాదు. మూడుసార్లు ప్రయత్నించి మంచు దాటలేక వెనక్కి వచ్చాక, నాలుగోసారి చిలీ దేశపు చిన్న ఆవిరి ఓడ 'యెల్చో' వెళ్లింది. దాని కెప్టెన్ లూయిస్ పార్డో. 1916 ఆగస్టు 30. సరిచెయ్యి.