పీరియడ్స్ తేదీలు కోచ్‌కి ఇవ్వాలా?

ప్రశ్న: నేను మిడిల్ డిస్టెన్స్ రన్నర్‌ని, వయసు 19. ఈ సీజన్ నుంచి అమ్మాయిలందరూ పీరియడ్స్ తేదీలు ఒక షీట్‌లో నింపాలని మా కోచ్ అంటున్నారు. ఆ రోజుల గడులు ఎర్రగా, స్టాఫ్ అందరికీ కనిపిస్తుంటాయి. మీ మంచికే అంటారు గానీ, సెలక్షన్స్ దగ్గరపడేకొద్దీ టెన్షన్‌గా ఉంది. ఇవ్వనంటే తప్పా?

జవాబు: తప్పు కానే కాదు. అది మీ వైద్య సమాచారం, ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది మీరే.

అలాగని లెక్క రాసుకోవడం మానేయకండి. చేసే ప్రాక్టీస్‌కి సరిపడా తినకపోతే నెలసరి తప్పుతుంది, ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి ఎముకలు బలహీనపడతాయి, రన్నర్లకి స్ట్రెస్ ఫ్రాక్చర్ల (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగుళ్ల) ముప్పు పెరుగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ సమస్యకి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టారు. గట్టిగా పరుగెత్తేవాళ్లకి పీరియడ్స్ ఆగిపోవడం మామూలేనని ఎవరన్నా నమ్మకండి, వరసగా మూడు నెలలు రాకపోతే డాక్టర్‌ని కలవాల్సిందే.

2019 ప్రపంచకప్ గెలిచిన అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు కూడా నెలసరిని ట్రాక్ చేసింది, కాబట్టి మీ కోచ్ ఆలోచన వింతేమీ కాదు. నాకు అభ్యంతరమల్లా ఆ తేదీలు జట్టుని ఎంపిక చేసేవాళ్ల కంటపడటం మీదే. నెలసరి దశల వల్ల ఆటలో వచ్చే తేడా సగటున చాలా స్వల్పమని, అదీ మనిషిని బట్టి మారుతుందని 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన సమీక్ష తేల్చింది. మరి క్యాలెండర్ చూసి ఈ అమ్మాయి ఆ రోజు సరిగ్గా పరుగెత్తదేమో అని ఒకరు మనసులో అనుకున్నా, మీకు అన్యాయం జరిగినట్టే, పైగా అది మీకు ఎప్పటికీ తెలియదు కూడా.

అమెరికాలోని ఫ్లోరిడాలో స్కూల్ క్రీడాకారిణుల ఫారాల్లో నెలసరి ప్రశ్నలు తప్పనిసరి చేయాలని చూస్తే తల్లిదండ్రులు, డాక్టర్లు గట్టిగా ఎదురు తిరిగారు, 2023 ఫిబ్రవరిలో ఆ ప్రశ్నలనే తీసేశారు. అక్కడ వైద్య వివరాలు డాక్టర్ దగ్గరే ఉంటాయి, స్కూలుకి ఆడటానికి ఫిట్ అన్న కాగితం ఒక్కటే వెళ్తుంది. మీరు కూడా ఇదే పద్ధతి అడగండి. తేదీలు టీమ్ డాక్టర్‌కి మాత్రమే, అదీ మీకు ఇష్టమైతేనే. కోచ్‌కి "ఇవాళ నొప్పి ఎక్కువగా ఉంది, వేగంగా పరుగెత్తే రౌండ్లు తగ్గిద్దాం" అని చెబితే చాలు, కారణం అక్కర్లేదు.

ఇప్పటికే నింపిన తేదీలు తీసేయమని, జట్టు మారితే మీ రికార్డు ఏమవుతుందో చెప్పమని రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే వెళ్లడానికి భయమైతే ఇంకో ఇద్దరు ముగ్గురిని కలుపుకుని వెళ్లండి, ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే అయ్యుండదు.