ముందు ఇల్లు కురవకుండా చూడండి

ఇల్లూ ఊరూ: పాఠకుల ప్రశ్నలు, ఒక రిటైర్డ్ ఇంజనీరు జవాబులు

ప్రశ్న: జార్జిటౌన్‌లో మా మామగారి తాతల నాటి ఇల్లుంది. అరుగులు, మండువా, టేకు దూలాల మిద్దె. ఏడుగురు వాటాదారులం. అయిదుగురు బిల్డర్‌కి ఇచ్చేద్దామంటున్నారు. మా అమ్మాయి పోయినేడు టర్కీ వెళ్లి, సఫ్రాన్‌బోలు అనే ఊళ్లో ఒక పాతింట్లో దిగింది. 'వాళ్లు ఊరు ఊరంతా కాపాడుకున్నారు, మీకు ఒక్క ఇల్లు బరువైందా?' అని రోజూ గొడవ. నిజంగా అంత బాగా కాపాడారా? మనకి కుదిరే పనేనా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. కాకపోతే తను చూసింది కథ చివరి భాగం.

రిటైరైన కొత్తలో నేనూ అక్కడ రెండు రాత్రులు ఉన్నాను. అంకారాకి ఉత్తరాన సుమారు 200 కిలోమీటర్లు. గదిలో ఎంత వెతికినా బాత్‌రూమ్ కనపడలేదు. హోటలావిడ నవ్వి, గోడలో ఉన్న చెక్క బీరువా తలుపు తీసింది. లోపల ఒక మనిషి స్నానం చేసేంత జాగా! పూర్వం ఒక అరలో పక్కబట్టలు, పక్క అరలో స్నానం. ఇప్పుడందులో షవర్ బిగించారు. కొన్ని ఇళ్లలో ఆడవాళ్ల భాగానికీ మగ అతిథుల భాగానికీ మధ్య గోడలో తిరుగుడు బీరువా కూడా ఉంటుంది. అటు పళ్లెం పెట్టి తిప్పితే ఇటొస్తుంది, వడ్డించిన మనిషి మాత్రం కనపడదు. మా మేనత్తలకి ఇలాంటిది ఉండుంటే సంతోషించేవాళ్లో తిట్టుకునేవాళ్లో గానీ, ఆ వడ్రంగి పనితనానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

ఇంతకీ ఆ ఇళ్లు ఎలా మిగిలాయి? నన్నడిగితే మొదటి కారణం పక్క ఊరి ఉక్కు ఫ్యాక్టరీ. 1937లో కరాబుక్‌లో దానికి శంకుస్థాపన జరిగింది, 1939లో ఉత్పత్తి మొదలైంది. ఉద్యోగాలు అక్కడే, కొత్త కాలనీలూ అక్కడే. పాత ఊళ్లో స్థలానికి గిరాకీ పడిపోయింది. గిరాకీ లేని చోట ఇల్లు పడగొట్టి ఏం చేసుకుంటారు? అలా పాడుబడుతూనే బతికిపోయాయి. మీ వీధిలో పరిస్థితి తద్విరుద్ధం. గోడౌన్‌కి అడుగు జాగా దొరికితే చాలని జనం ఎగబడుతున్నారు. కాబట్టి మీ అయిదుగురినీ దురాశాపరులనకండి. సఫ్రాన్‌బోలు వాళ్లకి చాలాకాలం ఆ పరీక్షే రాలేదు.

పరీక్ష వచ్చే వేళకి వాళ్లు మేలుకున్నారు, అది మెచ్చుకోవాలి. 1975లో మున్సిపాలిటీ, ఇస్తాంబుల్ టెక్నికల్ యూనివర్సిటీ కలిసి ఆ ఊరి ఇళ్ల గురించి, ఆచారాల గురించి వారోత్సవం పెట్టాయి. 1973లో వచ్చిన చట్టం అప్పటికే ఒక్కో కట్టడాన్నే కాక, మొత్తం పేటని కాపాడే ఆలోచన తెచ్చింది. 1983లో ఇంకో గట్టి చట్టం వచ్చింది. 1994లో యునెస్కో జాబితాలో చోటు దొరికింది. నాకు అన్నిటికంటే నచ్చింది డబ్బు ఏర్పాటు. 2004 నుంచి టర్కీలో ఆస్తి పన్ను మీద మరో 10 శాతం వసూలు చేసి, పాత కట్టడాల పనులకి కేటాయిస్తున్నారు. కొత్త అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు కూడా పాత మిద్దెకి చందా ఇస్తున్నట్టే. మన కార్పొరేషన్ పన్ను రసీదులో అలాంటి గడి కోసం కళ్లజోడు సవరించుకుని మరీ వెతికాను.

వాటాల తలనొప్పి వాళ్లకీ ఉంది. 1926 సివిల్ కోడ్ ప్రకారం ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమాన వాటా. రెండు తరాలు గడిచేసరికి ఒక ఇంటికి డజను సంతకాలు కావాలి. తమిళనాడులో 1989 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకీ సమాన హక్కు వచ్చింది, న్యాయమే. సంతకాల సంఖ్య మాత్రం పెరుగుతుంది.

ఇంకో మాట మీ అమ్మాయితో చెప్పండి. ఆ ఊళ్లో ఇళ్లు మిగిలాయి గానీ ఇరుగుపొరుగు పల్చబడింది. పూర్వం చలికాలం లోయలోని బజారు పేటలో గడిపి, వేసవికి ద్రాక్షతోటల మధ్య ఉన్న ఇంకో ఇంటికి మకాం మార్చేవారు. ఇప్పుడు లోయలో ఎక్కడ చూసినా లాడ్జీలు, కుంకుమపువ్వు మిఠాయి కొట్లు. రెండో రోజు సందులో ఒక కిటికీకి ఆరేసిన లుంగీలాంటి బట్ట కనిపిస్తే, హమ్మయ్య, ఎవరో కాపురం ఉన్నారనుకున్నాను.

సరే, మీ సంగతి. మీది మద్రాస్ టెర్రస్ అయ్యుంటుంది. దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఐమూలగా నిలువునా పేర్చి, సున్నంతో అతికి, పైన ఇటుక కంకర, సున్నం పోసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ కప్పు కాస్త తడి పీల్చినా ఎండకి మళ్లీ వదిలేస్తుంది. ట్రిప్లికేన్‌లో మా పెద్దమామయ్య ఇల్లూ అదే రకం. కురుస్తోందని ఒక కాంట్రాక్టరు దాని మీద నాలుగంగుళాల సిమెంటు కాంక్రీటు పోశాడు. ఇంజనీర్ని, పక్కనే నిలబడి సరేనన్నాను. మూడేళ్లకి గోడలో దిగిన దూలాల కొసలు మెత్తబడిపోయాయి, వేలు పెడితే దిగింది. బరువు ఒకటి, లోపలి తడికి దారి మూసుకుపోవడం ఒకటి. ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

అందుకే చెబుతున్నాను. ఉంచడమా ఇవ్వడమా అనే పంచాయితీ వాయిదా వేసి, వానాకాలం రాకముందు ఏడుగురూ తలా ఇంత వేసుకుని మిద్దె కురవకుండా చూడండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ చేతే చేయించండి. మిద్దె మీద రావిమొక్క ఉంటే పీకేస్తే చాలదు, వేరు దాకా తియ్యాలి. మౌంట్‌రోడ్డు భారత్ ఇన్సూరెన్స్ భవనం కేసులో మద్రాసు హైకోర్టు 2010లో ఇచ్చిన తీర్పు తర్వాత ఇక్కడా పురాతన కట్టడాల జాబితా అంటూ ఒకటుంది. మీ ఇల్లు అందులో ఉందేమో నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏలో కనుక్కోండి. ఉంటే బిల్డర్ చెప్పే లెక్కలన్నీ మారిపోతాయి. లేకపోతే, ఉంచాలనుకునే ఇద్దరూ మిగతావాళ్ల వాటాలు కొనగలరా అన్నదే అసలు ప్రశ్న. దానికి మీ బ్యాంకు పాస్‌బుక్కే జవాబు చెప్పాలి.

ప్రశ్న: చెక్క చట్రాల పాతిళ్లు భూకంపానికి తట్టుకుంటాయని విన్నాను. నిజమేనా?
– ఒక విద్యార్థి, గిండీ

జవాబు: టర్కీలో హిమిష్ అంటారు. చెక్క చట్రం కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి ఇటుకో రాయో నింపుతారు. 1999 ఆగస్టు 17 భూకంపంలో గోల్జుక్ దగ్గర నాసిరకం కాంక్రీటు భవనాలు కుప్పకూలిన చోట కొన్ని హిమిష్ ఇళ్లు నిలబడ్డాయి. నింపిన ముక్కలు ఒకదానికొకటి రాసుకుని ఊపుని తినేస్తాయి, చట్రం వంగుతుంది గానీ ఒక్కసారిగా విరగదు. అలాగని పాతవన్నీ గట్టివనుకోవద్దు. 2023 ఫిబ్రవరి 6 భూకంపంలో టర్కీలోనే అంతాక్య అనే ఊళ్లో ఎన్నో పాత రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. కొయ్య పుచ్చితే హిమిష్‌కీ అదే గతి.

ప్రశ్న: కొండ వాలు మీద వందలాది కోటలు, అన్నీ ఒకే అచ్చు, ఒక్క మనిషి లేడు. మా వాట్సాప్ గ్రూపులో కింద 'ఫ్రాన్స్' అని రాసి ఈ ఫొటో తిరుగుతోంది. కంప్యూటర్ బొమ్మేనా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: నిజం ఫొటోయే. టర్కీలోది, పేరు బుర్జ్ అల్ బాబాస్. మొత్తం 732 విల్లాలు కట్టాలని 2014లో మొదలుపెట్టారు, 2018లో కంపెనీ దివాలా తీయడంతో సగంలో ఆగాయి. విచిత్రమేమిటంటే ఆ దగ్గర్లోనే ముదుర్ను అనే పాత చెక్క ఇళ్ల ఊరొకటి ఉంది. అక్కడి బజారులో ఇప్పటికీ ప్రతి శుక్రవారం వ్యాపారులంతా వీధిలో నిలబడి ప్రార్థన చేస్తారు. 2015 నుంచి యునెస్కో ప్రతిపాదనల జాబితాలోనూ ఉంది. ఫొటో కింద 'ఫ్రాన్స్' అని రాసి పంపిన పెద్దమనిషికి అది టర్కీలో ముదుర్ను దగ్గరిదని చెప్పండి.