రిమోట్ పనిచేయట్లేదా? ముందు రిసీవర్ సంగతి చూడండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి రిమోట్ కంట్రోల్ సర్క్యూట్ల మీద చాలా ప్రశ్నలొచ్చాయి, ఒకేలాంటివి కలిపేసి జవాబులిస్తున్నాం. అన్నీ చదివాక ఒకటి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడింది. చాలామంది ట్రాన్స్‌మిటర్ మీదే కష్టమంతా పెడుతున్నారు, అవతల ఉన్న రిసీవర్‌కి అసలు ఎలాంటి సిగ్నల్ కావాలో చూడట్లేదు. సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతున్నాయి.

ప్రశ్న: 555 టైమర్ చిప్‌తో 38 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ చేసి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్ఈడీ పెట్టానండి. అవతల టీఎస్‌ఓపీ 1738 ఐఆర్ రిసీవర్ పెట్టి దాని అవుట్‌పుట్‌కి ఒక ఎల్ఈడీ కట్టాను. బటన్ నొక్కగానే ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది, నొక్కి పట్టుకున్నా మళ్లీ వెలగట్లేదు. టీఎస్‌ఓపీ మార్చి చూశాను, అదే తంతు. డూప్లికేట్ పార్ట్స్ అంటారా?

జవాబు: కాదండి, పార్ట్ బానే ఉంది, దాని పని అది చేస్తోంది. టీఎస్‌ఓపీ అంటే ఉత్త ఫోటోడయోడ్ కాదు. లోపల యాంప్లిఫైయర్, గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) తనంతట తానే సర్దుకునే ఏజీసీ, 38 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే వినే ఫిల్టర్, డీమాడ్యులేటర్ అన్నీ ఉంటాయి. గదిలో లైట్ల నుంచి, ఎండ నుంచి ఏదో ఒక గోల ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి, ఆగకుండా వచ్చే ప్రతిదాన్నీ అది నాయిస్ కింద లెక్కేసి గెయిన్ తగ్గించేస్తుంది, ఫ్యాన్ చప్పుడు కాసేపటికి మన చెవికి ఎక్కనట్టు. మీరు పంపేది ఆగకుండా వచ్చే క్యారియర్ (38 కిలోహెర్ట్జ్ సిగ్నల్), అందుకే మొదటి క్షణం పట్టుకుని తర్వాత వదిలేస్తోంది.

దానికి కావాల్సింది ముక్కలు ముక్కలుగా వచ్చే క్యారియర్. 1738 డేటాషీట్ ప్రకారం ఒక్కో ముక్కలో, అంటే బర్స్ట్‌లో, కనీసం 10 సైకిల్స్ ఉండాలి, 10 నుంచి 70 సైకిల్స్ మధ్య ఉన్న బర్స్ట్ తర్వాత కనీసం 14 సైకిల్స్ ఖాళీ ఉండాలి. కాబట్టి ఇంకో 555 తీసుకుని దాని అవుట్‌పుట్‌ని మీ 38 కిలోహెర్ట్జ్ 555 నాలుగో పిన్‌కి (రీసెట్) ఇవ్వండి. ఈ రెండో దానికి కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, పైన 8.2 కిలో ఓమ్, కింద 150 కిలో ఓమ్ పెట్టి, కింది రెసిస్టర్‌కి అడ్డంగా ఒక 1ఎన్4148 డయోడ్ వేయండి, యానోడ్ ఏడో పిన్ వైపు ఉండాలి. అప్పుడు ముప్పావు మిల్లీసెకను ఆన్, సుమారు 10 మిల్లీసెకన్లు ఆఫ్ వస్తుంది. ఒక్కో బర్స్ట్‌లో పాతిక సైకిల్స్ పైచిలుకు పడతాయి, రిసీవర్‌కి హాయిగా సరిపోతుంది.

మెయిన్ 555 లెక్క కూడా చూసుకోండి. 1 నానోఫారడ్ కెపాసిటర్, పైన 1 కిలో ఓమ్, కింద 15 కిలో ఓమ్ ప్లస్ 5 కిలో ఓమ్ ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెడితే 35 నుంచి 46 కిలోహెర్ట్జ్ దాకా తిప్పుకోవచ్చు. చౌక సిరామిక్ డిస్క్ వద్దు, వేడికి వాల్యూ మారిపోతుంది, పాలిస్టర్ పెట్టండి. ఆసిలోస్కోప్ లేకపోయినా ట్యూన్ చేయొచ్చు: సిగ్నల్ అందీ అందనంత దూరంలో రిసీవర్ పెట్టి ప్రీసెట్ మెల్లగా తిప్పండి, ఎక్కడ బాగా పట్టుకుంటే అక్కడ ఆపి ఇంకాస్త దూరం జరిపి మళ్లీ తిప్పండి. దగ్గర పెట్టుకుని తిప్పితే 36 దగ్గరా పనిచేస్తుంది, 40 దగ్గరా పనిచేస్తుంది, ఏది కరెక్టో తెలీదు.

ఇంకొకటి, టీఎస్‌ఓపీ అవుట్‌పుట్ మామూలుగా హై, సిగ్నల్ వస్తే లో. కాబట్టి టెస్ట్ ఎల్ఈడీని ప్లస్ నుంచి 1 కిలో ఓమ్ ద్వారా అవుట్‌పుట్‌కి కట్టాలి. పిన్నులు కూడా మోడల్‌ని బట్టి మారతాయి, 1738కి వరుసగా గ్రౌండ్, ప్లస్, అవుట్ అయితే 38238కి అవుట్, గ్రౌండ్, ప్లస్. పాత సర్క్యూట్ చూసి కొత్త పార్ట్ గుచ్చేస్తే సప్లై తారుమారై పార్ట్ కాలిపోతుంది. మీకు కావాల్సింది రిమోట్ కాకుండా ఎవరైనా అడ్డం వస్తే తెలిసే బీమ్ సెన్సార్ అయితే ఈ తిప్పలన్నీ వద్దు, ఆ పనికని చేసిన టీఎస్ఎస్‌పీ 4038 లాంటివి తీసుకోండి, అవి ఆగకుండా వచ్చే క్యారియర్‌ని కూడా వింటాయి.

ప్రశ్న: నా ఐఆర్ రిమోట్ రేంజ్ మీటరు దాటట్లేదు. 9 వోల్టుల బ్యాటరీ, 555 అవుట్‌పుట్ నుంచి 470 ఓమ్ ద్వారా ఎల్ఈడీ. టీవీ రిమోట్ మాత్రం రెండే సెల్స్ మీద గది అంతా పనిచేస్తుంది, ఎలా?

జవాబు: మీ ఎల్ఈడీలో పారేది 16 మిల్లీఆంప్స్ కూడా ఉండదు. టీవీ రిమోట్లు చాలావాటిలో పల్స్ ఉన్న ఆ కాస్త సేపు 100 మిల్లీఆంప్స్, ఆ పైన కూడా పంపుతారు. ఎక్కువ సేపు ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి యావరేజ్ కరెంట్ తక్కువ, ఎల్ఈడీ కాలదు, సెల్ కూడా చాలా రోజులు వస్తుంది. మీరూ అదే చేయండి. నాలుగు పెన్సిల్ సెల్స్ (6 వోల్టులు), 2ఎన్2222 ట్రాన్సిస్టర్, ఎల్ఈడీకి సిరీస్‌లో 47 ఓమ్, అప్పుడు సుమారు 94 మిల్లీఆంప్స్ వస్తుంది. బీసీ547 పెట్టకండి, దాని లిమిట్టే 100. చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఇలాంటి గట్టి పల్స్‌లకి వోల్టేజ్ నిలబెట్టలేదు, ఏ బ్యాటరీ అయినా ఎల్ఈడీ పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉండాలి.

కానీ ఆశ మరీ ఎక్కువ పెట్టుకోకండి, కరెంట్ నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే అవుతుంది. ఎల్ఈడీ 940 నానోమీటర్లదేనా చూసుకోండి, రిసీవర్లు ఆ చుట్టుపక్కలే బాగా చూస్తాయి. వెలుగుతోందో లేదో ఫోన్ కెమెరాలో చూడొచ్చు, వెనక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో చూడండి, కొన్ని ఫోన్లలో వెనకదానికి ఐఆర్ ఫిల్టర్ గట్టిగా ఉంటుంది.

ప్రశ్న: ఏ రిమోట్‌తోనైనా లైట్ ఆన్ ఆఫ్ చేసే సర్క్యూట్ కట్టాను సార్, టీఎస్‌ఓపీ అవుట్‌పుట్ నేరుగా సీడీ4017 కౌంటర్ చిప్ క్లాక్‌కి, అక్కడి నుంచి ట్రాన్సిస్టర్, రిలే. ఒక్కోసారి నొక్కితే మారుతుంది ఒక్కోసారి మారదు, గదిలో ఎవరూ లేకపోయినా దానంతటదే ఆన్ అవుతోంది. విసుగొచ్చేసింది.

జవాబు: ఈ సర్క్యూట్ చాలామంది కట్టేదే, చాలామంది విసుగొచ్చి వదిలేసేది కూడా ఇదే. మీరు ఒక్కసారే నొక్కాను అనుకుంటారు గానీ 4017కి వెళ్లేది ఒక్క పల్స్ కాదు. రిమోట్లు కోడ్ పంపే పద్ధతుల్లో ఎక్కువగా కనబడే ఎన్ఈసీ ప్రోటోకాల్ తీసుకుంటే, ముందు 9 మిల్లీసెకన్ల పెద్ద బర్స్ట్, 4.5 మిల్లీసెకన్ల ఖాళీ, తర్వాత 32 బిట్స్‌కి ఒక్కో బర్స్ట్, చివర ముగింపు బర్స్ట్ ఇంకోటి, మొత్తం 34. బటన్ పట్టుకుంటే 108 మిల్లీసెకన్లకోసారి వచ్చే రిపీట్‌లో రెండు బర్స్ట్‌లు. అన్నీ సరి సంఖ్యలే! ఆన్, ఆఫ్ అని రెండే మెట్లున్న కౌంటర్‌కి సరి సంఖ్యలో పల్స్‌లు ఇస్తే మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది. అంటే రిసీవర్ ఒక్కటి కూడా మిస్ అవకుండా పట్టుకున్నప్పుడే మీ లైట్ మారదు, ఒకటి జారిపోతే మారుతుంది. మీకు వింతగా అనిపించింది దీనివల్లే.

మధ్యలో 555 మోనోస్టేబుల్ (ఒకసారి ట్రిగర్ అయితే ఒక్క పొడుగు పల్స్ ఇచ్చే సర్క్యూట్) పెట్టండి, 100 కిలో ఓమ్, 10 మైక్రోఫారడ్ అయితే 1.1 సెకన్లు వస్తుంది. టీఎస్‌ఓపీ అవుట్‌పుట్ సిగ్నల్‌కి లో అవుతుంది కాబట్టి రెండో పిన్‌కి నేరుగా ఇవ్వొచ్చు. ఆ సెకను పాటు ఎన్ని పల్స్‌లొచ్చినా 4017కి ఒక్కటే వెళుతుంది.

ఇక దానంతటదే ఆన్ అవడం గురించి. టీఎస్‌ఓపీ ఏ సిగ్నల్ లేకపోయినా అప్పుడప్పుడు ఒకటో రెండో పల్స్‌లు వదులుతుంది, అది లోపం కాదు. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న లైట్లు పదుల కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాయి కాబట్టి వాటి కింద ఇంకా ఎక్కువ. సప్లైకి 100 ఓమ్ సిరీస్‌లో పెట్టి, రిసీవర్ కాళ్ల దగ్గరే 47 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కి వేయండి. రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 ఉందా? లేకపోతే రిలే ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైక్ సప్లైలోకి ఎక్కి మళ్లీ ట్రిగర్ చేస్తుంది. ఇన్ని చేసినా పూర్తిగా పోదు, ఎందుకంటే ఈ సర్క్యూట్‌కి మీ రిమోట్‌కీ నాయిస్‌కీ తేడా తెలుసుకునే దారే లేదు.

నా మాట వింటే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టేయండి. టీఎస్‌ఓపీ అవుట్‌పుట్ హై నుంచి లోకి పడే అంచుల మధ్య టైమ్ కొలవండి, 13.5 మిల్లీసెకన్లు వస్తే అది స్టార్ట్, 1.12 వస్తే 0, 2.25 వస్తే 1. ప్రతి బైట్‌లో అన్నిటికన్నా తక్కువ విలువ ఉన్న బిట్ (ఎల్ఎస్‌బీ) ముందు వస్తుంది. ఎన్ఈసీలో కమాండ్ 8 బిట్స్ తర్వాత అవే తిరగేసిన 8 బిట్స్ పంపుతారు. రెండూ పోల్చి, ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటేనే రిలే కదలాలి. ఈ ఒక్క చెక్ పెట్టి చూడండి, రోజంతా ట్యూబ్‌లైట్ కింద ఉంచినా నాయిస్‌కి రిలే కదలడం ఉండదు, ఆ తేడా చూస్తే భలే సంతోషంగా ఉంటుంది. రిలే అవతలి వైపు మెయిన్స్ వైరింగ్ మాత్రం బ్రెడ్‌బోర్డ్ మీద, వెరోబోర్డ్ మీద వద్దు, సరైన టెర్మినల్స్, ఫ్యూజ్, మూసి ఉన్న డబ్బా తప్పనిసరి, అనుభవం లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ప్రశ్న: 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూల్స్ కొన్నాను. ట్రాన్స్‌మిటర్‌కి పవరే ఇవ్వలేదు, అయినా రిసీవర్ డేటా పిన్ మీద ఎల్ఈడీ పిచ్చిపిచ్చిగా మినుకుతోంది. రిసీవర్ పోయిందా?

జవాబు: పోలేదు. ఈ చౌక రిసీవర్లు చాలావరకు సూపర్ రీజెనరేటివ్ రకం, సిగ్నల్ లేనప్పుడు గెయిన్ పెంచుకుంటూ పోయి గాల్లో ఉన్న నాయిస్‌నే డేటాలాగా బయటికి ఇస్తాయి. అందుకే డేటా పిన్‌కి నేరుగా ఏదీ కట్టకూడదు, మధ్యలో డీకోడర్ ఉండాల్సిందే. హెచ్‌టీ12ఇ (ఎన్‌కోడర్), హెచ్‌టీ12డి (డీకోడర్) జతతో మొదలుపెట్టండి, 8 అడ్రస్ బిట్స్, 4 డేటా బిట్స్. డీకోడర్ వరసగా వచ్చినవాటిని పోల్చుకుని అడ్రస్ కుదిరితేనే వీటీ పిన్ (17) హై చేస్తుంది, ముందు ఎల్ఈడీ దానికి పెట్టి చూడండి. ఇక్కడ తప్పు ఎక్కువగా జరిగేది ఆసిలేటర్ రెసిస్టర్ దగ్గర. డీకోడర్ ఫ్రీక్వెన్సీ ఎన్‌కోడర్‌కి సుమారు 50 రెట్లు ఉండాలి, రెండూ 5 వోల్టుల మీద ఉంటే ఎన్‌కోడర్‌కి 1 మెగా ఓమ్, డీకోడర్‌కి 51 కిలో ఓమ్. ఒకవైపు 3 వోల్టులు, ఇంకోవైపు 5 పెడితే ఈ లెక్క మారుతుంది, డేటాషీట్‌లో గ్రాఫ్ ఉంది చూసుకోండి.

యాంటెన్నా అంటే నిటారుగా 17.3 సెంటీమీటర్ల వైర్, పావు వేవ్‌లెంగ్త్ అంతే. రెండు చోట్లా పెట్టండి, చుట్టేసి డబ్బాలో కుక్కకండి, లోహానికి దూరంగా ఉంచండి. టెస్ట్ చేసేటప్పుడు రెండు బోర్డులూ పక్కపక్కనే పెట్టకండి, రిసీవర్ ఓవర్‌లోడ్ అయ్యి పనిచేయట్లేదనిపిస్తుంది, కొన్ని మీటర్ల దూరం ఉండాలి. పవర్ పెంచే ఆలోచన వద్దు. లైసెన్స్ లేకుండా ఏ బ్యాండ్, ఎంత పవర్ అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది, ఒకచోట 433 అయితే ఇంకోచోట 315, మీ దగ్గర ఏది చెల్లుతుందో చూసుకునే మాడ్యూల్ కొనండి.

ప్రశ్న: అదే హెచ్‌టీ12 జతతో తలుపు తాళం రిమోట్ చేయొచ్చా?

జవాబు: వద్దు. నొక్కిన ప్రతిసారీ అదే కోడ్ గాల్లోకి వెళుతుంది, ఎవరైనా రికార్డ్ చేసి మళ్లీ వదిలితే మీ తలుపు తెరుచుకుంటుంది. అడ్రస్‌లు కూడా 256 మాత్రమే, వరసగా అన్నీ ప్రయత్నించడం పెద్ద పనేం కాదు. కార్ల రిమోట్లలో ప్రతి నొక్కుకీ కోడ్ మారే రోలింగ్ కోడ్ ఉండేది అందుకే. అయితే హెచ్‌సీఎస్301 లాంటి చిప్స్‌లో ఉండే కీలాక్ అనే రోలింగ్ కోడ్ పద్ధతిని కూడా 2008 నాటికే పరిశోధకులు ఛేదించి చూపించారు. బొమ్మ కారుకి, తోటలో లైట్‌కి హెచ్‌టీ12 భేషుగ్గా సరిపోతుంది, తాళానికి మాత్రం సరిపోదు.

ప్రశ్న: ఎన్ఆర్ఎఫ్24ఎల్01 రేడియో మాడ్యూల్ పెట్టుకున్నా, ఒక్కోసారి డేటా వస్తోంది, ఒక్కోసారి అసలు మాడ్యూల్ పలకట్లేదు. కోడ్ అంతా సరిగానే ఉంది.

జవాబు: కోడ్ జోలికి పోకండి ముందు. దాని సప్లై 3.6 వోల్టులు దాటకూడదు, 3.3 ఇవ్వాలి. డేటా పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి గానీ సప్లై పిన్ తట్టుకోదు. మాడ్యూల్ పిన్నుల మీదే, వైర్ల అవతల కాదు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, దాని పక్కన 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి సోల్డర్ చేయండి. పంపేటప్పుడు ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది, పొడుగు జంపర్ వైర్ల మీద ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. అప్పటికీ తేడాగా ఉంటే బోర్డు మీదున్న 3.3 వోల్టుల పిన్ వదిలేసి విడిగా రెగ్యులేటర్ పెట్టండి, డేటా రేట్ 250 కిలోబిట్స్‌కి తగ్గించి చూడండి, రేంజ్ కూడా పెరుగుతుంది. పేరు చివర ప్లస్ (+) లేని పాత చిప్ అయితే ఆ 250 ఉండదు, 1 మెగాబిట్‌తో సరిపెట్టుకోవాలి.